ఇతరములు, వివరించుము

ఫారంలో ఐదు గళ్లు.
భయం. ఖర్చు. తెలియదు. అవసరం లేదు.
ఐదోది ఇతరములు, వివరించుము.
వివరించడానికి వేలెడంత గీత.

నర్సాపురం రేవులో పంటు ఎక్కాను.
రోజుకి నాలుగొందలు, మధ్యాహ్నం పులిహోర పొట్లం.
బైకుల మధ్య, కొబ్బరి డొక్కల మూటల మధ్య
రెయిలింగు పట్టుకుని ప్రశ్న వల్లె వేశాను:
"మీ చిన్నపిల్లలకి ఫ్లూ టీకా ఎందుకు వేయించలేదండి?"
గోదారి మీద బాగానే వినిపించింది.
సఖినేటిపల్లి గట్టెక్కాక
నా చెవికే ఎబ్బెట్టుగా ఉంది.

కొల్లాటి ధనకుమారి రొయ్యల షెడ్డు నుంచి అప్పుడే వచ్చింది.
ఐసునీళ్లకి తెల్లగా ముడుచుకుపోయిన వేళ్లు
చంటాడికి తగలకుండా మోచేతుల మీద ఎత్తుకుంది.
"ఫ్లూ అంటే ఏంటండి?"
జ్వరం, దగ్గు, ముక్కు కారడం, ఒళ్లునొప్పులు...
"జలుబుకి కూడా సూదేనా!"
పక్కింటోళ్లని పిలిచి మరీ నవ్వింది.
అంతలోనే నవ్వాపి లోపలికెళ్లి
దూలంలో దోపిన కవరు తెచ్చింది.
మడతల దగ్గర చిరిగిన టీకాల కార్డు,
ఒక్క గడీ ఖాళీ లేదు.
"ఇందులో ఉందాండి, మీరు సెప్పేది?"
లేదు.
"మరి లేందాన్ని ఎందుకు ఏయించలేదంటారేంటండి?"

పెన్ను మూత పెట్టాను. మళ్లీ తీశాను.

చింతా ఎస్తేరుకి తెలుసు.
రాజోలు డాక్టరుగారు చెప్పారట,
చీటీ పాడిన డబ్బుతో మొదటి సూది వేయించింది కూడా.
నెలాగి రెండోది రమ్మన్నారు.
నెలాగితే వరదొచ్చింది.
లంకలో నడుంలోతు నీళ్లు,
ఊళ్లో మూడ్రోజులు కరెంటు లేదు,
ఫ్రిజ్జులో మందు పనికిరాదేమో, కొత్తది తెప్పిస్తానన్నారు.
మందొచ్చేసరికి డబ్బు
తడిసిన బియ్యం కింద, కూలిన దడి కింద పోయింది.
"పైగా ఏటేటా ఏయించాలంటండి, శిస్తు కట్టినట్టు."
ఖర్చు దగ్గర టిక్కు పెట్టబోయి ఆగాను.
వరదకి గడి లేదు.

మూడో ఇంటికి తాళం.
పాపకి ఆయాసం ఎక్కువై
రాత్రే అమలాపురం తీసుకెళ్లారని ఎదురింటాయన చెప్పాడు.
ముందు జలుబే అనుకున్నారట.
అరుగు మీద పాప చెప్పు ఒకటే ఉంది.

మస్తాన్ బీ మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని
బీడీ కట్టలకి దారం చుడుతోంది.
వాడి తల్లి మస్కట్‌లో, ఎవరి బిడ్డకో పాలు కలుపుతూ.
"సూదేస్తే జ్వరం వస్తాదిగా?"
ఒక్కోసారి, ఒక్కరోజేనండి.
"ఆ ఒక్కరోజూ ఫోన్లో వీడి ఏడుపు వినిపిస్తాది.
అక్కడ దానికి ముద్ద దిగదు."
దారం పళ్లతో తెంపింది.
"దానంతటది వచ్చిన జ్వరం అల్లా ఇచ్చింది.
నేను ఎత్తుకెళ్లి వేయించాక వస్తే
అది నేనిచ్చిందే.
కూతురికి ఏం జవాబు చెప్పను?"

శిక్షణలో నేర్పిన వాక్యం ఒకటుంది నా దగ్గర.
అసలు జబ్బు ఆ జ్వరం కన్నా
ఎన్నో రెట్లు ప్రమాదమని.
చెప్పాను. నిజమే చెప్పాను.
తాళం వేసిన ఇల్లు కళ్లలో ఉండి
కొంచెం గట్టిగానే చెప్పాను.
ఆవిడ మొత్తం విని,
స్టీలు గ్లాసుతో మంచినీళ్లిచ్చి అడిగింది:
"నీకు పిల్లలున్నారామ్మా?"
ఉందండి, మూడేళ్లది.
"వేయించావా?"

ఆఖరి పంటు కూత వేసింది.
ఆయ్, వెళ్లొస్తానండి, అని పరుగెత్తాను.

మా పాప సూదికి లెక్క కట్టే ఈ పని ఒప్పుకున్నాను.
ఐదు రోజుల కూలి, ఒక సూది.
పది రోజులు తిరిగాను. బిల్లు ఇంకా పాస్ కాలేదు.
ఇవాళ పొద్దున అది రెండుసార్లు తుమ్మితే
గాలి మారిందిలే అనుకుని
తువ్వాలుతో ముక్కు తుడిచి వచ్చేశాను.

నది మధ్యలో ఒక ఖాళీ ఫారం తీశాను.
బిడ్డ పేరు రాశాను. వయసు రాశాను.
గళ్ల దగ్గరికొచ్చేసరికి
లైటు లేదు పంటు మీద.